తీర్పుకు ముందే శిక్ష

రాజ్యానికి వ్యతిరేకంగా మాట్లాడారనో, రాశారనో ఒక రచయితను, అధ్యాపకుణ్ణి, విద్యార్థిని అరెస్టు చేసిన ప్రతిసారీ మన దగ్గర ఒకే ప్రశ్న మళ్లీ చర్చకు వస్తుంది: రాజద్రోహ చట్టం ఉండాలా, పోవాలా? 2024 జులై 1న భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. రాజద్రోహాన్ని శిక్షించే 124ఏ సెక్షన్ అంతటితో పోయింది కనుక ఈ ప్రశ్నకు కాలం చెల్లిందని కొందరు భావించారు. చెల్లలేదు. దాని చోట కొత్త సంహితలో చేరిన 152వ సెక్షన్ రాజ్యాంగబద్ధతను ప్రశ్నించే వ్యాజ్యాలు అప్పుడే సుప్రీంకోర్టు గడప తొక్కాయి. అయితే ఈ చర్చ పదేపదే సెక్షన్ చుట్టూ, దాని పదజాలం చుట్టూ తిరిగి ఆగిపోతోంది. ఆలోచనకూ హింసకూ మధ్య గీతను మన సుప్రీంకోర్టు 1962లోనే గీసింది. ఆ గీత తీర్పుల్లో భద్రంగా ఉంది. అరెస్టు, రిమాండ్, బెయిల్ నియమాల్లోకి మాత్రం దిగి రాలేదు. విప్లవ రాజకీయాలను నమ్మే మనిషిని రాజ్యం ఓడిస్తున్నది తీర్పు వచ్చేలోపు జైల్లో గడిచిపోయే ఏళ్లతోనే. ఈ సంగతి గుర్తించకుండా ఎన్ని సెక్షన్లు రద్దు చేసినా, ఎన్ని పేర్లు మార్చినా పరిస్థితి మారదు.

ఈ చట్టం పుట్టుక చూస్తే దాని స్వభావం అర్థమవుతుంది. మెకాలే 1837లో తయారుచేసిన ముసాయిదాలో రాజద్రోహ నిబంధన ఉంది. 1860 నాటి శిక్షాస్మృతిలో అది కనబడలేదు. వహాబీల కార్యకలాపాల భయం ముదిరిన రోజుల్లో, 1870లో, జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ దాన్ని చేర్పించాడు. తొలి ప్రముఖ విచారణ 1891లో కలకత్తాలో ‘బంగబాసి’ పత్రిక మీద జరిగింది. ఆ పత్రిక చేసిన నేరం విప్లవ ప్రచారం కాదు. బాలికల వివాహ సమ్మతి వయసు పెంచే చట్టాన్ని సనాతన దృష్టితో వ్యతిరేకించడం. అసమ్మతిని శిక్షించే చట్టానికి వామపక్షం, మితవాదం అన్న తేడా ఉండదనడానికి ఇంతకంటే పాత సాక్ష్యం అక్కర్లేదు. 1897లో తిలక్ మీద విచారణ జరిపిన జస్టిస్ స్ట్రాచీ, ప్రభుత్వం పట్ల అభిమానం లేకపోవడమే నేరమవుతుందనే దాకా వెళ్లాడు. మరుసటి ఏడాదే చట్టాన్ని సవరించి ద్వేషం, తిరస్కారం అన్న మాటలు కూడా చేర్చారు. 1908లో తిలక్‌కు ఆరేళ్ల ప్రవాస శిక్ష పడి మాండలే జైలుకు వెళ్లాడు. అదే ఏడాది తిరునల్వేలి కాల్పుల మీద బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు మూడేళ్ల కఠిన కారాగారం అనుభవించాడు. తర్వాతి దశాబ్దాల్లో ఆంధ్ర గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు పెద్దదిక్కయినవాడూ ఆయనే. 1922లో అహ్మదాబాద్ కోర్టులో గాంధీ నేరాన్ని ఒప్పుకుని, ప్రభుత్వం మీద ప్రేమను చట్టంతో పుట్టించలేరని వాదించి, ఆరేళ్ల శిక్ష స్వీకరించాడు. ఈ పేర్లను మనం పాఠ్యపుస్తకాల్లో గర్వంగా చదువుకుంటాం. వారిని జైలుకు పంపిన అధికారాన్ని మాత్రం స్వతంత్ర రాజ్యం వదులుకోలేదు.

వదులుకునే ప్రయత్నం జరగకపోలేదు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో కె.ఎం. మున్షీ సవరణ ప్రతిపాదించగా, వాక్స్వాతంత్ర్యానికి పెట్టే పరిమితుల జాబితా నుంచి రాజద్రోహం అనే పదాన్ని సభ తొలగించింది. రాజ్యాంగం అమలులోకి వచ్చిన కొద్ది నెలలకే అసలు పరీక్ష ఎదురైంది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి మద్రాసు రాష్ట్రంలో భాగం. కమ్యూనిస్టులను అణచడానికి ఆ రాష్ట్రం తెచ్చిన ప్రజాశాంతి చట్టం కింద ‘క్రాస్ రోడ్స్’ పత్రిక ప్రవేశాన్ని నిషేధించారు. 1950 మేలో రమేశ్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. రాజ్య భద్రతకు ముప్పు వేరు, స్థానిక శాంతిభద్రతల సమస్య వేరు అని తేల్చింది. ఏడాది తిరిగేసరికి నెహ్రూ ప్రభుత్వం మొదటి రాజ్యాంగ సవరణతో ప్రజాశాంతిని కూడా పరిమితుల జాబితాలో చేర్చింది. 124ఏ తనకు ఏమాత్రం నచ్చని, త్వరగా వదిలించుకోవాల్సిన సెక్షన్ అని ఆ చర్చలోనే నెహ్రూ అన్నాడు. వదిలించుకునే పని ఆయన పదవిలో ఉన్న మిగతా పదమూడేళ్లలో జరగలేదు. పంజాబ్, అలహాబాద్ హైకోర్టులు ఆ సెక్షన్ చెల్లదన్నాక, 1962 జనవరిలో కేదార్‌నాథ్ సింగ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మధ్యేమార్గం పట్టింది. సెక్షన్‌ను నిలబెడుతూనే, హింసకు పురికొల్పే లేదా ప్రజాశాంతికి భంగం కలిగించే ధోరణి ఉన్న మాటలకే అది వర్తిస్తుందని కుదించింది. బిహార్‌కు చెందిన ఫార్వర్డ్ కమ్యూనిస్టు పార్టీ కార్యకర్త కేదార్‌నాథ్ అప్పీలు మాత్రం ఓడిపోయింది. సూత్రం గెలిచి మనిషి ఓడిపోయిన ఈ తీర్పు, తర్వాతి అరవై ఏళ్ల చరిత్రకు ముందస్తు నమూనా.

1962 తీర్పు తర్వాత మాటకు రక్షణ పెరిగిందని న్యాయశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. పోలీసు స్టేషన్‌లో జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం. బ్రిటిష్ కాలపు 1898 నేర విచారణ స్మృతి ప్రకారం రాజద్రోహ కేసులో వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయడానికి వీల్లేదు. 1897లో తిలక్‌కు విచారణకు ముందు జస్టిస్ బద్రుద్దీన్ త్యాబ్జీ బెయిల్ కూడా ఇచ్చాడు. 1974లో అమలుకు వచ్చిన కొత్త స్మృతిలో ఇందిరాగాంధీ ప్రభుత్వం రాజద్రోహాన్ని వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరంగా మార్చింది. సుప్రీంకోర్టు నేరం పరిధిని కుదించిన పన్నెండేళ్లకు పార్లమెంటు అరెస్టు పరిధిని పెంచిందన్నమాట. వలస పాలకులు కూడా పోలీసుకు ఇవ్వని అధికారాన్ని స్వతంత్ర భారత పోలీసు స్టేషన్ ఆఫీసరు పొందాడు. ఏది హింసకు పురికొల్పే మాట, ఏది తీవ్ర విమర్శ అన్నది సుప్రీంకోర్టు న్యాయమూర్తులకే తేలిగ్గా తేలని విషయం. దాన్ని తొలి విడతలో తేల్చే బాధ్యత ఎఫ్‌ఐఆర్ రాసే ఉద్యోగి మీద పడింది.

ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. కేంద్ర హోంశాఖ గణాంకాల ప్రకారం 2014 నుంచి 2019 వరకు దేశంలో 326 రాజద్రోహ కేసులు నమోదయ్యాయి. 141 కేసుల్లో ఛార్జిషీట్లు పడ్డాయి. శిక్ష పడింది ఆరుగురికి. దర్యాప్తు బలహీనంగా ఉండటం వల్లే ఇలా జరుగుతోందని, దానికి చట్టాన్ని తప్పుపట్టడం సరికాదని వాదించేవారున్నారు. హత్య కేసుల్లోనో, దోపిడీ కేసుల్లోనో ఈ వాదన నిలబడుతుంది. అక్కడ నేరం జరిగిందని అందరికీ తెలుసు, చేసిందెవరో రుజువు చేయలేక కేసు వీగుతుంది. రాజద్రోహ కేసులో మాట్లాడిందెవరో, ఏం మాట్లాడారో మొదటి రోజే తెలుసు. ఉపన్యాసం రికార్డయి ఉంటుంది, వ్యాసం అచ్చయి ఉంటుంది. అయినా శిక్ష పడటం లేదంటే, ఆ మాట చట్టం దృష్టిలో నేరమే కాదన్నమాట. ఆ సంగతి తేలడానికి ఎన్నేళ్లు పడుతుందో బల్వంత్ సింగ్ కేసు చెబుతుంది. ఇందిరాగాంధీ హత్య జరిగిన రోజు చండీగఢ్‌లో ఒక సినిమాహాలు ముందు నినాదాలు చేసిన ఇద్దరు ప్రభుత్వోద్యోగులు నేరం చేయలేదని సుప్రీంకోర్టు ప్రకటించింది 1995లో. పదేళ్లు దాటాక వచ్చిన ఆ తీర్పును న్యాయవాదులు ఇవాళ్టికీ ప్రస్తావిస్తారు.

2022 మే 11న సుప్రీంకోర్టు 124ఏ కింద కొత్త కేసులు నమోదు చేయకుండా ఉండాలని ప్రభుత్వాలకు చెప్పి, పెండింగు విచారణలను నిలిపివేసింది. ఆ మర్నాటి నుంచి దేశ భద్రత కుప్పకూలలేదు. 2023లో 22వ లా కమిషన్ మాత్రం తన 279వ నివేదికలో సెక్షన్‌ను కొనసాగించాలని, యావజ్జీవానికి ప్రత్యామ్నాయంగా ఉన్న మూడేళ్ల శిక్షను ఏడేళ్లకు పెంచాలని సిఫారసు చేసింది. దాంతోపాటు ఒక రక్షణ కూడా సూచించింది: పోలీసు అధికారి ప్రాథమిక విచారణ జరిపి, ప్రభుత్వ అనుమతి వచ్చాకే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని. న్యాయ సంహిత రూపకర్తలు ఏడేళ్ల శిక్షను తీసుకున్నారు, రక్షణను వదిలేశారు. నిష్పక్షపాతంగా చూస్తే 152వ సెక్షన్‌లో కొంత మెరుగుదల ఉంది. ప్రభుత్వం పట్ల ద్వేషం, తిరస్కారం అన్న మాటలు పోయాయి. ఉద్దేశపూర్వకంగా లేదా తెలిసి చేసినదై ఉండాలన్న షరతు వచ్చింది. వేర్పాటు, సాయుధ తిరుగుబాటు అన్నవి స్పష్టమైన మాటలే. వాటి పక్కనే విధ్వంసక కార్యకలాపాలు, వేర్పాటువాద భావాలను ప్రోత్సహించడం, సార్వభౌమత్వాన్ని ప్రమాదంలో పడేయడం అనే నిర్వచనం లేని పదాలు చేరాయి. కేదార్‌నాథ్ తీర్పు పెట్టిన హింస షరతు సెక్షన్‌లో ఎక్కడా లేదు. ఎలక్ట్రానిక్ సమాచారం, ఆర్థిక సాధనాలు కొత్తగా వచ్చి చేరాయి.

నేర విచారణ పద్ధతిలో లొసుగు ఇంకా పెద్దది. మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ జరపడానికి కొత్త నేర విచారణ స్మృతి అయిన నాగరిక సురక్షా సంహిత 173(3) వీలు కల్పిస్తుంది. మాటకు, రాతకు సంబంధించిన కేసుల్లో ఈ వీలును పోలీసులు వాడుకోవాలని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కవిత కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 152వ సెక్షన్‌కు గరిష్ఠ శిక్ష యావజ్జీవం కనుక ఈ రక్షణ దానికి వర్తించదు. కవితకు దొరికే రక్షణ రాజకీయ ఉపన్యాసానికి దొరకదు. ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి కావాలన్న షరతు ఉంది గానీ, అది కోర్టు కేసును విచారణకు స్వీకరించే దశలో వర్తిస్తుంది. అప్పటికి నిందితుడు నెలల తరబడి జైల్లో ఉండి ఉంటాడు.

రాజద్రోహం గురించి ఇంత మాట్లాడుతున్నా, నేడు రాజ్యం చేతిలోని అసలు ఆయుధం అది కాదు. 1967 నాటి చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, అంటే ఉపా. ముంబయి దాడుల తర్వాత 2008 చివర్లో చేర్చిన 43డి(5) నిబంధన ప్రకారం ఆరోపణ ప్రాథమికంగా నిజమని నమ్మడానికి ఆధారం కనిపిస్తే బెయిల్ ఇవ్వకూడదు. బెయిల్ దశలో సాక్ష్యాలను లోతుగా తూచకూడదని 2019లో వటాలి కేసులో సుప్రీంకోర్టు చెప్పడంతో, పోలీసుల కథనమే బెయిల్‌కు గీటురాయి అయింది. విచారణ అంతూపొంతూ లేకుండా సాగితే ఈ నిబంధన అడ్డు రాదని 2021లో నజీబ్ కేసులో అదే కోర్టు సడలింపు ఇచ్చింది. అప్పటికి ఆ నిందితుడు అయిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. రాజ్యసభకు కేంద్రం ఇచ్చిన జవాబు ప్రకారం 2016–20 మధ్య ఉపా కింద నిందితులైనవారు 24 వేల మందికి పైగా, శిక్ష పడినవారు 212 మంది. అమలాపురం నుంచి ఢిల్లీ విశ్వవిద్యాలయం దాకా వెళ్లిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా కేసు తెలుగువారికి తెలిసిందే. 2014 మేలో అరెస్టయ్యాడు. 2017లో యావజ్జీవ శిక్ష పడింది. 2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు నిర్దోషిగా విడిచిపెడితే, మర్నాడు శనివారమైనా సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును నిలిపివేసింది. 2024 మార్చిలో హైకోర్టు రెండోసారి నిర్దోషి అంది. తొంభై శాతం వైకల్యంతో చక్రాల కుర్చీలో బతికిన ఆ మనిషి ఏడు నెలలకే హైదరాబాదులో కన్నుమూశాడు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా జవాబు చెప్పవలసిన ప్రశ్న ఒకటుంది: నిర్దోషి నుంచి రాజ్యం తీసుకున్న పదేళ్లకు బాధ్యులెవరు?

ఆలోచనతో పాటు సాంగత్యం కూడా నేరమవుతున్న తీరు ఇంకా ఆందోళన కలిగించేది. 1952లో వి.జి. రావు కేసులో, కమ్యూనిస్టులకు సాయపడుతోందన్న అనుమానంతో మద్రాసు ప్రభుత్వం ఒక సంఘాన్ని నిషేధించడాన్ని సుప్రీంకోర్టు రద్దు చేసింది. కారణాలను కోర్టు పరిశీలించే వీలు లేకుండా ప్రభుత్వ సంతృప్తి మీదే నిషేధం ఆధారపడకూడదన్నది. 2011లో అరూప్ భుయాన్ కేసులో నిషిద్ధ సంస్థలో కేవలం సభ్యత్వం నేరం కాదని, హింసలో పాలుపంచుకోవడమో హింసకు పురికొల్పడమో ఉండాలని అదే కోర్టు చెప్పింది. 2023 మార్చిలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చి, సభ్యత్వమే చాలునంది. చరిత్ర ముందుకే నడుస్తుందన్న భరోసా ఈ రంగంలో లేదు.

ఇతర దేశాల అనుభవం ఇక్కడ పనికొస్తుంది, కానీ జాగ్రత్తగా చదవాలి. బ్రిటన్ 2009లో రాజద్రోహ నేరాన్ని రద్దు చేసింది, న్యూజిలాండ్ 2007లో, సింగపూర్ 2021లో. మనతో 1860 నాటి స్మృతిని పంచుకున్న పాకిస్థాన్‌లో 2023 మార్చిలో లాహోర్ హైకోర్టు 124ఏను కొట్టివేసింది. వలస పాలకులు పోయినా వారి చట్టం మనకెందుకన్న వాదనకు ఈ జాబితా బలమిస్తుంది. అయితే రద్దుతోనే స్వేచ్ఛ వచ్చేయదని బ్రిటన్ చూపిస్తోంది. అక్కడి ప్రభుత్వం 2025 జులైలో పాలస్తీనా యాక్షన్ అనే సంస్థను ఉగ్రవాద చట్టం కింద నిషేధించింది. ఆ సంస్థకు మద్దతుగా ప్లకార్డు పట్టుకుని కూర్చున్న పాపానికి వందల మందిని, వారిలో వృద్ధులను సైతం అరెస్టు చేసింది. రాజద్రోహ చట్టం లేని దేశంలో ఆ పని ఉగ్రవాద చట్టం చేసింది. హాంకాంగ్ మరో దారి పట్టింది. బ్రిటిష్ వలస చట్టాన్ని 2020 తర్వాత దుమ్ము దులిపి వాడి, 2024లో కొత్త భద్రతా చట్టంతో గరిష్ఠ శిక్షను రెండేళ్ల నుంచి ఏడేళ్లకు పెంచింది. మనం మూడు నుంచి ఏడుకు పెంచుకున్న ఏడాదీ అదే. ఏ దేశం సరసన నిలబడ్డామో ఆలోచించుకోవాలి.

అమెరికా నడక ఇంకా దీర్ఘమైనది. మొదటి ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ ఉపన్యసించిన సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్‌కు పదేళ్ల శిక్ష వేశారు. 1920లో జైలు నుంచే అధ్యక్ష పదవికి పోటీ చేస్తే ఆయనకు తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. 1951లో కమ్యూనిస్టు నాయకుల శిక్షలను సమర్థించిన అక్కడి సుప్రీంకోర్టు, 1957లో సిద్ధాంతాన్ని బోధించడం వేరు, చర్యకు పురికొల్పడం వేరు అని దిద్దుకుంది. 1969లో బ్రాండెన్‌బర్గ్ కేసులో, తక్షణం చట్టవిరుద్ధ చర్య జరిగేలా పురికొల్పి, అది జరిగే అవకాశం కూడా ఉంటేనే మాట నేరమవుతుందని తేల్చింది. ఆ తీర్పుతో బయటపడినవాడు కమ్యూనిస్టు కాడు, కూక్లక్స్‌క్లాన్ నాయకుడు. వామపక్షాన్ని కాపాడే సూత్రం, వామపక్షం అసహ్యించుకునేవారిని కూడా కాపాడక తప్పదు. దీన్ని ఒప్పుకోనివారు వాక్స్వాతంత్ర్యాన్ని కోరుతున్నట్టు కాదు, తమ వర్గానికి మినహాయింపు కోరుతున్నట్టు.

ప్రజాస్వామ్యం తనను కూల్చేవారికి స్వేచ్ఛ ఎందుకివ్వాలన్న వాదనకు బలమైన ఉదాహరణ జర్మనీ. వైమార్ గణతంత్రం తన రాజ్యాంగ మార్గాల్లోనే హిట్లర్ చేతికి చిక్కింది. ఆ చేదు అనుభవంతో యుద్ధానంతర రాజ్యాంగం, ప్రజాస్వామ్యాన్ని ధ్వంసం చేయజూసే పార్టీలను నిషేధించే వీలు పెట్టుకుంది. 1952లో నాజీ వారసుల పార్టీనీ, 1956లో కమ్యూనిస్టు పార్టీనీ నిషేధించింది. ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. కానీ అక్కడ పార్టీని నిషేధించే అధికారం ప్రభుత్వానిది కాదు, రాజ్యాంగ న్యాయస్థానానిది. 2017లో ఒక నయానాజీ పార్టీ లక్ష్యాలు రాజ్యాంగ విరుద్ధమేనని ఒప్పుకుంటూనే, వాటిని సాధించే శక్తి దానికి లేదు కనుక నిషేధించబోమని ఆ కోర్టు చెప్పింది. మన దగ్గర ఉపా కింద ఉగ్రవాద సంస్థల షెడ్యూలులో పేరు చేర్చేది కేంద్ర ప్రభుత్వమే. ఆ చేర్పును ఏ ట్రైబ్యునలూ ముందుగా పరీక్షించదు. జర్మనీ నుంచి నిషేధాన్ని అరువు తెచ్చుకునేవారు న్యాయస్థానాన్ని కూడా తెచ్చుకోవాలి.

ఇక మన దేశంలోని ప్రధాన అభ్యంతరం. దశాబ్దాల పాటు సాయుధ తిరుగుబాటును ఎదుర్కొన్న రాజ్యం ఇది. పోలీసులు, ఆదివాసులు, ప్రజాప్రతినిధులు వేల సంఖ్యలో చనిపోయారు. తుపాకీ వెనుక సిద్ధాంతం ఉంటుంది, సిద్ధాంతం వెనుక పట్టణాల్లో మద్దతుదారులుంటారు, వేర్లు నరకకుండా చెట్టు ఎండదని భద్రతా నిపుణులు అంటారు. ఈ వాదనలోని బాధ నిజమైనది. మందుపాతర పేల్చినవాణ్ణి, దానికి డబ్బు సమకూర్చినవాణ్ణి, పథకం వేసినవాణ్ణి శిక్షించాల్సిందే. అందుకు యుద్ధం చేయడం, కుట్ర, హత్య, పేలుడు పదార్థాలు, ఆయుధాల చట్టాలు ఉన్నాయి. ఎవరూ వాటిని రద్దు చేయమనడం లేదు. పుస్తకం, ఉపన్యాసం, సంఘ సభ్యత్వం, ఖైదీల తరఫున వాదించడం అనే పనులను ఆ హింసతో కలిపి కట్టడం దగ్గరే పేచీ. 2025లో మహారాష్ట్ర శాసనసభ ఆమోదించిన ప్రత్యేక ప్రజాభద్రతా బిల్లు, స్థాపిత చట్టాన్ని ధిక్కరించమని ప్రోత్సహించడాన్ని కూడా చట్టవ్యతిరేక కార్యకలాపంగా చూస్తుంది. ఉప్పు సత్యాగ్రహం ఆ నిర్వచనంలో ఇమిడిపోతుంది.

అటువైపు నుంచి వచ్చే అభ్యంతరం కూడా ఉంది. రాజ్యమే వర్గ సాధనమైనప్పుడు చట్ట సంస్కరణలు కంటితుడుపు తప్ప మరేమీ కావని విప్లవ రాజకీయాలు అంటాయి. ఈ ప్రశ్నతో మన పౌరహక్కుల ఉద్యమం ఎంతో నిజాయితీగా పెనుగులాడింది. కన్నబిరాన్, బాలగోపాల్ లాంటివారు ఎన్‌కౌంటర్ల మీద, కుట్ర కేసుల మీద కోర్టుల్లో చేసిన పోరాటం ఈ దేశ హక్కుల చరిత్రలోనే అరుదైనది. రాజ్యహింసను ప్రశ్నించే ఉద్యమం విప్లవ హింసను కూడా ప్రశ్నించాలా అన్న చర్చ ముదిరి, 1998లో బాలగోపాల్, ఆయన సహచరులు పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి మానవ హక్కుల వేదికను ఏర్పరిచారు. హక్కు ఎత్తుగడ కాదని, తనంతట తానే ఒక విలువ అని ఆ చీలిక తేల్చి చెప్పింది. బ్రిటిష్ మార్క్సిస్టు చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ పద్దెనిమిదో శతాబ్దపు క్రూర చట్టాలను పరిశోధించి చివరకు ఇదే నిర్ధారణకు వచ్చాడు: పాలకవర్గం రాసిన చట్టమైనా, నియమాలకు లోబడిన అధికారం నియమం లేని అధికారం కంటే ఎంతో మేలు. వారెంటు అవసరమా కాదా, బెయిల్ దొరుకుతుందా లేదా అన్నవి చిన్న విషయాలని జైలు బయట ఉన్నవారే అనగలరు.

అసలు అణచివేత ఫలించిందా? 1929లో మీరట్ కుట్ర కేసు పెట్టి కమ్యూనిజాన్ని మొగ్గలోనే తుంచాలనుకుంది వలస ప్రభుత్వం. నాలుగేళ్ల విచారణలో నిందితుల ప్రకటనలే దేశానికి కమ్యూనిజాన్ని పరిచయం చేశాయి. తరిమెల నాగిరెడ్డి కుట్ర కేసులో కోర్టుకిచ్చిన వాంగ్మూలమే ‘తాకట్టులో భారతదేశం’ గ్రంథమై తరాల పాటు చదువరులను చేరింది. విప్లవ రచయితల సంఘం (విరసం) సభ్యుల మీద 1974లో మోపిన సికింద్రాబాద్ కుట్ర కేసు పదిహేనేళ్లు సాగి 1989లో వీగిపోయింది. సంఘం నిలిచే ఉంది. తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951లో విరమించాక ఏం జరిగిందో దీనికి పక్కన పెట్టి చూడాలి. మరుసటి ఏడాది ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లాడు. అజ్ఞాతవాసం గడిపిన సుందరయ్య రాజ్యసభలో అడుగుపెట్టాడు. సైన్యం ఆ పోరాటాన్ని తీవ్రంగా దెబ్బతీసిన మాట నిజమే. అయినా ఆ తరాన్ని రాజ్యాంగం లోపలికి తెచ్చింది సైన్యం కాదు, తెరిచి ఉన్న ఎన్నికల ద్వారం.

ఇప్పుడు ఆ ద్వారాన్ని ఇంకాస్త తెరవడానికి అనువైన సమయం. 2025 మేలో శ్రీకాకుళం జిల్లాకు చెందిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు ఛత్తీస్‌గఢ్ అడవుల్లో హతమయ్యాడు. తర్వాతి నెలల్లో అగ్రనాయకులు వరసగా లొంగిపోయారు. సాయుధ ఉద్యమం చివరి దశకు చేరిందని కేంద్ర ప్రభుత్వమే చెబుతోంది. అది నిజమైతే, ఆ ముప్పు చూపించి తెచ్చుకున్న అసాధారణ అధికారాలకు సమర్థన కూడా తగ్గాలి. ముప్పు తగ్గి అధికారం పెరుగుతుంటే, ఆ అధికారం ముప్పు కోసం తెచ్చింది కాదని పౌరులు అనుకోక తప్పదు.

పార్లమెంటు చేయవలసినవి అసాధ్యమైన పనులు కావు. 152వ సెక్షన్‌ను హింసకు ప్రత్యక్షంగా పురికొల్పడానికే పరిమితం చేయాలి. లా కమిషన్ చెప్పినట్టు ఎఫ్‌ఐఆర్‌కు ముందే విచారణ, అనుమతి ఉండాలి. మాట, రాత, సభ్యత్వం మాత్రమే ఆరోపణ అయినప్పుడు 43డి(5) బెయిల్ నిషేధం వర్తించకూడదు. అన్యాయంగా ప్రాసిక్యూషన్‌కు గురైనవారికి పరిహారం చెల్లించే చట్టం తేవాలని 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ నివేదిక అటకెక్కింది, దాన్ని దించాలి. వీటిలో దేనికీ రాజ్యాంగ సవరణ అక్కర్లేదు.

మన వంతు పని ఢిల్లీ దాకా వెళ్లనక్కర్లేదు. మహారాష్ట్ర బిల్లు, ఛత్తీస్‌గఢ్‌లోని అలాంటి చట్టం కంటే ముందే 1992లో ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రతా చట్టం వచ్చింది. 2005లో విరసాన్ని నిషేధించిందీ, మూడు నెలలకే ఆ నిషేధం నిలవకుండా పోయిందీ ఆ చట్టం కిందే. 2021 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం పౌరహక్కుల సంఘం సహా పదహారు సంఘాలను దాని కిందే నిషేధించి, కోర్టులో సవాలు ఎదురయ్యాక జూన్‌లో ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. రెండుసార్లూ ప్రభుత్వాలే నిలబెట్టుకోలేకపోయిన అధికారం అది. దాన్ని రద్దు చేయడానికి కేంద్రం అనుమతి కోసమో, సుప్రీంకోర్టు తీర్పు కోసమో ఎదురుచూడాల్సిన పని లేదు. అమరావతిలో ఒక బిల్లు, హైదరాబాదులో ఒక బిల్లు చాలు. రెండు శాసనసభల సభ్యులూ వచ్చే సమావేశాల్లోనే వాటిని ప్రవేశపెట్టాలి.